ఒక్కో లాగుడుకి ఒక్కో పని

పాలకొల్లు

చి.ల.సౌ. బుజ్జమ్మకి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. సార్వా కోతలు మొదలయ్యాయి. హార్వెస్టర్ల పని వర్క్‌షాపులో తెమలడం లేదు, అందుకే తూటాలు నింపే ప్రెస్‌లలో ఏది కొనాలని అడుగుతూ నువ్వు పంపిన ఫొటోలకి జవాబు ఆలస్యమైంది. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదువుకుంటావని రాస్తున్నాను.

ఆదివారాలు నువ్వూ అల్లుడుగారూ పిస్టల్ రేంజికి వెళుతున్నారనీ, తూటాల ఖర్చు ఎక్కువై కాల్చేసిన ఇత్తడి కేసుల్ని ఇంట్లోనే మళ్ళీ నింపుకోవాలనుకుంటున్నారనీ చెప్పగానే మీ అమ్మ అన్నం ముందునుంచి లేచిపోయింది. ఆవిణ్ణి ఏమీ అనకు. 2025 అక్టోబరు 8న మన పక్కనే రాయవరం మండలం కొమరిపాలెంలో బాణసంచా తయారీ కేంద్రంలో మంటలు లేచి ప్రాణాలు పోయాయి. మందు అన్న మాట వింటేనే మా గుండెల్లో రాయి పడుతోంది.

మన దేశంలో తూటా తయారు చెయ్యాలంటే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాదు. అక్కడ అమెరికాలో సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదనీ, అమ్మాలంటే మాత్రం తప్పదనీ అల్లుడుగారు చెప్పారు. మీ రాష్ట్రం నిబంధనలు కూడా ఒకసారి చూసుకోండి. అమ్మడం సంగతి సరే, స్నేహితులకి ఊరికే కూడా ఒక్క తూటా ఇవ్వొద్దు. నువ్వు నింపింది నీ పిస్టల్లోనే పేలాలి.

ఇక ప్రెస్ సంగతి. మూడు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. మొదటిది ఆర్‌సీబీఎస్ రాక్ చకర్, ఒకేసారి ఒకే డై, అంటే కేసుని నొక్కి దిద్దే అచ్చు, పట్టేది. పోత ఇనుము, ఇంగ్లీషు O అక్షరంలా మూసుకున్న చట్రం. చూడగానే చేతులు దాని మీదకి పోయాయి. రెండోది లీ క్లాసిక్ టరెట్. నాలుగు డైలు ఒక చక్రంలో ఉంటాయి, లివరు లాగిన ప్రతిసారీ చక్రం తిరిగి తర్వాతి డై కేసు మీదకి వస్తుంది. మూడోది డిల్లన్ 750. అయిదు స్టేషన్లు, అయిదింటిలోనూ ఒకేసారి పని. లివరు ఒక్కసారి లాగితే ఒక తూటా తయారై పక్కకి పడుతుంది. నీ మనసు ఈ మూడోదాని మీద ఉందని నాకు తెలుసు. అది మంచి మెషినే. కానీ ఇప్పుడు వద్దమ్మా.

నా ఎడమ కనుబొమ్మ మీద గీత ఉంది కదా, సైకిల్ మీంచి పడ్డానని నీకు చెప్పాను. అది నిజం కాదు. నువ్వు మూడో తరగతిలో ఉండగా చెరువుల ఏరేటర్లకి వాషర్ల ఆర్డరు వచ్చింది. అప్పటిదాకా ఫ్లై ప్రెస్ మీద కొట్టేవాణ్ణి. పైన గుండ్లున్న చెయ్యి తిప్పితే స్క్రూ దిగి పంచ్ రేకుని కొరికేది. దెబ్బకి ఒక వాషరు. రేకు ఒక వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నా పిడి పట్టిన అరచేతికి తెలిసిపోయేది, అక్కడే ఆపేవాణ్ణి. ఆర్డరు పెద్దదని అప్పుచేసి సెకండ్ హ్యాండ్ పవర్ ప్రెస్ తెచ్చాను. పెడల్ తొక్కితే చాలు, మిగతాదంతా మోటారు చూసుకునేది. మూడో రోజు కోసిన బిళ్ళ ఒకటి డైలోనే ఉండిపోయింది. నేను చూడలేదు. దాని మీద రెండో బిళ్ళ వచ్చి కూర్చుంది. పెడల్ తొక్కాను. ఒక్కటే చప్పుడు. డై రెండు ముక్కలైంది. పంచ్ పెచ్చు కనుబొమ్మ చీల్చుకుంటూ పోయి గోడ మీది క్యాలెండర్లో దిగబడింది. అర అంగుళం కిందకైతే కన్ను పోయేది. తప్పు మెషిన్‌ది కాదు. చేతికి తెలిసిన పని కంటికి అలవాటు కాకముందే వేగం పెంచాను.

నీ తూటాలో ఆ రెండో బిళ్ళ ఏదంటే, రెండోసారి పడిన మందు. 9 ఎంఎం కేసులో కొన్ని రకాల మందు సగం కన్నా తక్కువే పడుతుంది. పొరపాటున రెండింతలు పడినా పైకి పొర్లదు. గుండు బిగించాక ఇక కనిపించదు. మందు అసలు పడకపోవడమూ ప్రమాదమే. కేసు అడుగున మందుకి నిప్పంటించే ప్రైమర్ ఒక్కటే పేలి గుండుని గొట్టంలో సగం దూరం తోసి వదిలేస్తుంది. అది గమనించకుండా తర్వాతిది కాలిస్తే గొట్టం పగలొచ్చు. చప్పుడు పేలవంగా వినిపిస్తే అక్కడే ఆగి, పిస్టల్ ఖాళీ చేసి, గొట్టంలో అడ్డేమీ లేదని చూసుకున్నాకే మళ్ళీ పట్టుకో.

వారానికి రెండు వందలు కాలుస్తామన్నావు. టరెట్ మీద చెయ్యి తిరిగినవాళ్ళు గంటకి నూట యాభై దాకా చేస్తారు. అంటే నీకు వారానికి ఒక సాయంత్రం పని. డిల్లన్ మీద అరగంటలో అయిపోతుంది నిజమే. ఆ మిగిలే గంట కోసం అయిదు చోట్ల ఒకేసారి కన్ను వెయ్యడం మొదటి ఏడాదే నెత్తికెత్తుకోవద్దు. రాక్ చకర్ రైఫిల్ కేసులకి దిట్టంగా ఉంటుంది కానీ, నువ్వు కాల్చే పిస్టల్‌కి డైలు మార్చి మార్చి విసుగొస్తుంది. విసుగొచ్చిన చేతికి పొరపాట్లు ఎక్కువ.

అందుకని టరెట్ తీసుకో. దాని మధ్యలో చక్రాన్ని తిప్పే మెలి కడ్డీ ఒకటి ఉంటుంది. మొదటి మూడు నెలలు దాన్ని తీసి పక్కన పెట్టు. అప్పుడది ఒంటి డై ప్రెస్ లాగే పనిచేస్తుంది. యాభై కేసులు చెక్క దిమ్మెలో నిలబెట్టి, యాభైకీ ఒక పని ముగించాకే రెండో పనికి వెళ్ళు. మందు పోశాక టార్చి పట్టుకుని ఒక్కో కేసులోకీ తొంగి చూడు. యాభైలో ఒకటి ఎక్కువైనా తక్కువైనా ఇట్టే తెలుస్తుంది. నారుమడిలో కలుపు పట్టేసే మనుషుల కూతురివి, నీకది కష్టం కాదు. తర్వాత కడ్డీ వేసుకుందువు గాని.

ఇంకో మంచి సంగతి. ఈ డైలని ప్రెస్‌లో బిగించే స్క్రూ మర 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. మన షాపులో 7/8 యూఎన్ఎఫ్ అనేది అదే. ఎక్కువ కంపెనీల డైలు ఆ మరవే కాబట్టి, రేపు ప్రెస్ మార్చినా కొన్న డైలు వృథా కావు. కాల్చిన కేసుని మళ్ళీ సైజుకి తెచ్చే సైజింగ్ డై మాత్రం కార్బైడ్‌ది తీసుకో. పిస్టల్ కేసుకి నూనె రాయకుండానే నడుస్తుంది. లేత్ టూలు కొనకి మనం వేసే కార్బైడ్ ఎంత గట్టిదో చిన్నప్పుడు చూశావు కదా.

డబ్బు మిగిల్చి త్రాసు మంచిది కొను. మందు గ్రెయిన్లలో తూస్తారు, పౌండుకి 7000 గ్రెయిన్లు. మన కంసాలి గురివింద గింజ ఎత్తు దాదాపు రెండు గ్రెయిన్లు. ఒక్క గ్రెయిన్‌లో పదో వంతు తేడా కూడా నీ త్రాసు పట్టుకోవాలి. సరిచూసే తూకం రాయి పెట్టి ప్రతిసారీ పరీక్షించాకే మొదలుపెట్టు. ఎంత మందు పొయ్యాలో అచ్చువేసిన మాన్యువల్లో చూసుకుని, అందులో తక్కువ అంకె దగ్గర మొదలుపెట్టు. రేంజిలో ఎవరో చెప్పిన కొలత ఎంత నమ్మకస్తుడు చెప్పినా వద్దు.

బల్ల మీద ఒక్క డబ్బా మందే ఉండాలి. పని అయ్యాక మిగిలింది అదే డబ్బాలోకి పొయ్యాలి. వేరే సీసాల్లో దాచకు, పేరు మర్చిపోతావు. ప్రైమర్లు వచ్చిన అట్టపెట్టెలోనే ఉంచు, అన్నిట్లోకీ అవే దెబ్బకి పేలేవి. కళ్ళద్దాలు లేకుండా లివరు ముట్టుకోకు. దీని గురించి మాత్రం బతిమాలుతున్నాను. సీసం అంటుతుంది కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కున్నాకే చంటిదాన్ని ఎత్తుకో. ఫోన్ పక్క గదిలో పెట్టు. నేను చేసినా ఎత్తకు.

ప్రెస్ నిలబడేది బల్ల మీద. లివరు లాగినప్పుడు బల్ల ఊగితే మందు పోసిన కేసులు ఒలికిపోతాయి, చేతికి తెలియాల్సిన బరువు తెలియదు. మీ గ్యారేజీలో బల్ల పలకది ఎంత మందమో వెర్నియర్‌తో కొలిచి పంపు. ప్రెస్ వచ్చాక అడుగున బోల్టు రంధ్రాల మధ్య దూరాలు కూడా రాయి. ఆరు మిల్లీమీటర్ల ప్లేటుకి డ్రాయింగ్ గీసి పంపిస్తాను, అక్కడ ఏ షాపులోనైనా కోయించుకోవచ్చు. బోల్టులకి కింద పెద్ద వాషర్లు వెయ్యాలి.

మీ అమ్మ అల్లుడుగారిని అడిగినట్టు చెప్పమంది. చంటిదానికి ముద్దులు.

మీ నాన్న