రెండో పెట్టె చేయించాకే రెండోదాన్ని తెచ్చుకో

అనంతపురం,
ఆదివారం సాయంత్రం.

రేయ్ మామా,

నీ ఫోన్ పెట్టేశాక రాత్రంతా అదే ఆలోచన. "మా చిట్టి ఒక్కటే ఉంది పాపం, తోడుగా ఇంకో బియర్డెడ్ డ్రాగన్ బల్లిని తెచ్చి దాని పెట్టెలోనే వేస్తా" అన్నావు చూడు, ఆ మాట విన్నప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే సగం కబుర్లలో పోతుందని కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు. చదివాకే డ్రాగన్లు అమ్మే ఆ బెంగళూరు అబ్బాయితో మాట్లాడు.

నా సంగతి నీకు తెలిసింది సగమే. రెండేళ్ళ కిందట నేను ఈ బియర్డెడ్ డ్రాగన్ పిల్లల్ని కొన్నప్పుడు అమ్మినతను "జోడీ సార్, ఒకటి మగ, ఒకటి ఆడ, కలిసే పెరిగాయి" అన్నాడు. అప్పుడవి అరచేతిలో పట్టేంత ఉన్నాయి. ఆ వయసులో మగో ఆడో ఎవరూ గట్టిగా చెప్పలేరని నాకేం తెలుసు? తీరా పెరిగాక చూస్తే రెండూ మగవే. సింగన్న, బుడ్డోడు అని పేర్లు పెట్టింది మా పాప. మూడడుగుల గాజు పెట్టె ఒకటి, వేడి బల్బు ఒకటి, ఎండలో ఉండే యూవీబీ కిరణాలిచ్చే ట్యూబు ఒకటి. రెండూ అందులోనే.

మొదటి రెండు నెలలూ మా ఇంట్లో టీవీ పెట్టిందే తక్కువ. అందరం ఆ పెట్టె ముందే. బుడ్డోడు ముందుకాలు ఒకటి ఎత్తి మెల్లగా గాల్లో తిప్పేవాడు. టాటా చెబుతున్నాడని పాప కూడా చెయ్యి ఊపేది. బల్బు కింద రాయి మీద సింగన్న బుడ్డోడి వీపెక్కి పడుకునేవాడు. ఆ ఫోటో పంపితే "రామలక్ష్మణులు రా" అని రాశావు, గుర్తుందా? నేనూ అదే అనుకున్నా. ఇప్పుడా ఫోటో చూడాలంటే మనసొప్పదు.

అది టాటా కాదు మామా. "నేను నీకు పోటీ కాదు, నన్నేం చెయ్యకు" అని బలహీనమైనది బలమైనదానికి చెప్పుకోవడం. వీపెక్కడమూ ప్రేమ కాదు. పైనున్నవాడికి వేడి, యూవీబీ రెండూ అందుతాయి, కిందివాడికి నీడ మిగులుతుంది. వీటికి ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు కదా, బయటి వేడి చాలకపోతే తిన్నది అరగదు. యూవీబీ తగలకపోతే విటమిన్ డి3 తయారవదు, డి3 లేకపోతే మనం పురుగుల మీద చల్లిపెట్టే కాల్షియం పొడి ఒంటికి పట్టదు, ఎముకలు మెత్తబడిపోతాయి. నేను మురిసిపోయి ఫోటోలు తీస్తున్నప్పుడే సింగన్న బుడ్డోడి ఎండను లాక్కుంటున్నాడన్నమాట.

నాకు మొదట అనుమానం తెచ్చింది వంటింటి కాటా. నాలుగో నెలలో తూస్తే సింగన్న 118 గ్రాములు, బుడ్డోడు 71. అమ్మినతన్ని అడిగితే "కొన్ని అంతే సార్, చిన్నగానే ఉంటాయి" అన్నాడు. నమ్మి ఇంకో పది రోజులు ఊరుకున్నా. ఆ పది రోజులకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను. ఒక పొద్దున కీచురాళ్ళు వేసి, వీధి చివర పాలు తెచ్చుకోవడానికి వెళ్ళా. వచ్చేసరికి పెట్టెలో పరిచిన పేపరు మీద రక్తం. బుడ్డోడి వెనక కాలి వేలు ఒకటి లేదు, తోక కొస అరంగుళం లేదు. పురుగుల కోసం ఎగబడినప్పుడు ఎదుట ఏది కదిలితే దాన్ని కొరికేస్తాయి ఈ పిల్లలు. మన గోడ మీద బల్లికి తోక తెగితే మళ్ళీ మొలుస్తుంది చూడు, వీటికి మొలవదు. పోయింది పోయినట్టే.

ఇక్కడ వీటిని చూసే డాక్టరు దొరకలేదు. అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, బస్సులో నాలుగు గంటలు ఒళ్ళో పెట్టుకుని బెంగళూరు తీసుకెళ్ళా. ఆ డాక్టరు నన్ను ఒక్క మాట అనలేదు. గాయం శుభ్రం చేసి, "ఈ రోజే వేరు చెయ్యండి" అన్నాడు. ఆ రాత్రికి ప్లాస్టిక్ టబ్బు, ఇంకో బల్బు. నమ్ముతావో లేదో, నాలుగు రోజుల్లోనే బుడ్డోడు ఆకులు కూడా తినడం మొదలెట్టాడు. అంతకుముందు ఆకు ముట్టేవాడు కాదు. ఇష్టం లేదేమో అనుకునేవాళ్ళం. భయంతో గిన్నె దగ్గరికే వచ్చేవాడు కాదని అప్పుడు అర్థమైంది.

మీ తాతగారి శనక్కాయల చేను గుర్తు తెచ్చుకో. కంచె రాతి కడ్డీల మీద తొండలు ఉండేవి కదా. కడ్డీకి ఒకటే. ఇంకోటి ఎక్కబోతే మొదటిది తలాడించి, గొంతు ఎర్రగా చేసి తరిమేది. మనల్ని వెక్కిరిస్తోందని రాళ్ళు కొట్టేవాళ్ళం. పాపం, అది మనల్ని చూడను కూడా లేదు, పక్క తొండకు తన హద్దు చెప్పుకుంటోంది. ఆ తొండా ఈ డ్రాగనూ ఒకే కుటుంబం, అగామిడే. ఆస్ట్రేలియా నడిమధ్య ఎండు నేలల్లో వీళ్ళు కూడా కంచె గుంజలెక్కి ఒంటరిగానే కూర్చుంటారు. గొంతు ఎర్రబడే బదులు గడ్డం నల్లబడుతుంది, తేడా అంతే. మీ చిట్టి ఒంటరిగా బాధపడుతోందని నువ్వు అనుకుంటున్నావు గానీ, తన రాయి మీద తనొక్కటే ఉండడమే దానికి సుఖం.

"మగా ఆడా వేస్తే సర్దుకుంటాయిగా" అంటావేమో. అది ఇంకా ఘోరం. మగది ఆడదాన్ని వదలకుండా తరిమి మెడ కొరుకుతుంది. ఆడది ఒక్కో విడతకు ఇరవైకి పైగా గుడ్లు పెట్టగలదు, ఒక్కసారి కలిసినా ఆ వీర్యాన్ని దాచుకుని తర్వాత ఇంకో విడత కూడా పెడుతుంది. ఆ పెంకులకు కావలసిన కాల్షియం దాని ఎముకల్లోంచే పోతుంది. రెండు ఆడవైనా కుదరదు. అవి చప్పుడు లేకుండా ఒకదాన్నొకటి అణగదొక్కుతాయి.

ఇంట్లో రెండు వద్దని కాదు నేను చెప్పేది. నా దగ్గర ఇప్పటికీ రెండున్నాయి, రెండూ హాయిగా ఉన్నాయి. కానీ ఒక్కోదానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు పెట్టె విడిగా కావాలి. బల్బు, ట్యూబు, గిన్నె, దాక్కునే చోటు, అన్నీ రెండేసి. మొదట్లో నేను రెండు పెట్టెలూ ఎదురెదురుగా పెట్టా. రోజంతా ఇద్దరికీ నల్ల గడ్డాలు, గాజును గోకుడు. మధ్యలో నల్ల చార్టు అంటించాక గానీ శాంతించలేదు. ఒకరికొకరు కనబడకూడదు, ముఖ్యమైన సంగతి అదే. పొద్దున ఎండకు మేడ మీదికి తీసుకెళ్ళినా వంతులవారీగానే, గద్దల భయానికి పక్కనే నిలబడి. కిటికీ అద్దంలోంచి పడే ఎండ చాల్లే అనుకోకు, అద్దం యూవీబీని ఆపేస్తుంది.

కొత్తదాన్ని తెస్తే కనీసం రెండు మూడు నెలలు వేరే గదిలో పెట్టు. పైకి బాగున్నట్టే ఉండి కడుపులో కాక్సిడియా అనే పరాన్నజీవుల్ని, ఒంట్లో అడినోవైరస్‌ను మోస్తుంటాయి కొన్ని. ఆ వైరస్‌కు మందే లేదు. రెట్ట పరీక్ష చేయించు. ముందు చిట్టి పని చూసుకుని, తర్వాతే కొత్తదాని దగ్గరికెళ్ళు, మధ్యలో సబ్బుతో చేతులు కడుక్కో. పిల్లలకు కూడా ఇది నేర్పు, వీటి రెట్టలో మనకు జబ్బు చేసే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? వీటికి బల్బు కింద 40 డిగ్రీలు బాగుంటుంది, కానీ పెట్టె రెండో కొస 28 దాటకపోతే మంచిది. మేలో మేడ గదిలో ఆ చల్లని కొస ఎక్కడిది? నేను రెండింటినీ కింది గదికి దించేశా. కర్నూలు ఎండకు నువ్వూ అదే చెయ్యాలి. చేలల్లో మిడతలు పట్టి వెయ్యకు, మందు కొట్టినవి ఉంటాయి. మిణుగురు పురుగు ఒక్కటి తిన్నా ప్రాణం పోవచ్చు. పాలకూర రోజూ వద్దు, మునగాకు పెట్టు.

ఇవి పదేళ్ళ దాకా బతుకుతాయి మామా. రెండు పెట్టెలకు చోటు, రెండింటికీ కరెంటు, పొద్దున్నే రెండింటి పనీ, ఇవన్నీ పదేళ్ళు చెయ్యగలనని నీకు అనిపిస్తే తప్పకుండా తెచ్చుకో, నేనే వచ్చి పెట్టె బిగిస్తా. బుడ్డోడు మొదట ఉన్న టబ్బు నా దగ్గర ఖాళీగా ఉంది, బస్సు పార్శిల్లో పంపనా? ముందు మీ ముందు గది, వెనక గది కొలతలు రాయి. వడ్రంగి పెట్టె ఇచ్చేదాకా ఆ బెంగళూరు అబ్బాయికి అడ్వాన్స్ మాత్రం కట్టకు.

బుడ్డోడు ఇప్పుడు 410 గ్రాములు. వేలు లేని కాలు కొంచెం పక్కకు పెట్టి నడుస్తాడు. కాలు ఎత్తి తిప్పడం మానేసి ఏడాది దాటింది.

అమ్మకు నమస్కారాలు చెప్పు, చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ మిత్రుడు