కొలత తీయకుండా సెన్సర్ మార్చి బిల్లు వేసినందుకు ఫిర్యాదు

హైదరాబాద్

సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: టైర్ల ఎక్స్‌కవేటర్‌కు అనవసరంగా మార్చిన నాక్స్ సెన్సర్ డబ్బు వాపసు, ఫాల్ట్ కోడ్‌లు చూసే పద్ధతి గురించి

అయ్యా,

మీ దగ్గర కొన్న సీఈవీ స్టేజ్-5 (నిర్మాణ యంత్రాల పొగ నిబంధన) టైర్ల ఎక్స్‌కవేటర్ కోకాపేట వైపు సెల్లార్ తవ్వకాల్లో పనిచేస్తోంది. డిస్‌ప్లే మీద ఎస్‌పీఎన్ (ఏ భాగమో చెప్పే నంబరు) 3226, ఎఫ్‌ఎంఐ (ఏ రకం లోపమో చెప్పే నంబరు) 9 కోడ్ వచ్చి ఇంజిన్ పవర్ పడిపోయింది. మీ సర్వీస్ ఇంజినీర్ ల్యాప్‌టాప్ పెట్టి కోడ్ చదివి, ఎస్‌సీఆర్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను, అంటే నాక్స్‌ను, తగ్గించే కెటలిస్ట్) తర్వాత నాక్స్‌ను కొలిచే సెన్సర్ పోయిందని చెప్పి కొత్తది బిగించి, కోడ్ చెరిపి వెళ్లారు. బండి బ్రేకర్ (రాయి పగలగొట్టే సుత్తి) పనిలోకి దిగి ఇంజిన్ వేడెక్కగానే అదే కోడ్ మళ్లీ వచ్చింది. ఈసారి ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మార్చాలని కొటేషన్ పంపారు. మేము ఒప్పుకోలేదు. లోపం సెన్సర్‌లో లేదు, ఈసీఎంలో లేదు, సెన్సర్‌కు పవర్ తెచ్చే వైరులో ఉంది. అది పట్టుకోవడానికి ఒక మల్టీమీటరు, ఒక హెడ్‌లైట్ బల్బు సరిపోయాయి.

ఎఫ్‌ఎంఐ 9 అంటే సెన్సర్ నుంచి రావాల్సిన మెసేజ్ సమయానికి అందడం లేదని అర్థం. కొలిచిన విలువ తప్పని ఆ కోడ్ ఎక్కడా చెప్పదు. విలువ నమ్మేట్టు లేకపోతే ఎఫ్‌ఎంఐ 2 వస్తుంది. నాక్స్ సెన్సర్‌కు సొంత మాడ్యూల్ ఉంటుంది. పవర్, ఎర్త్, మెసేజ్‌లు మోసే క్యాన్-హై, క్యాన్-లో అనే నాలుగు వైర్ల మీద అది నడుస్తుంది. మెసేజ్ ఆగిందంటే ముందు చూడాల్సింది ఆ నాలుగు వైర్లను. మీ జాబ్ కార్డులో వాటి గురించి ఒక్క కొలత కూడా రాసి లేదు.

మేము చేసింది ఇది. బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఆపి క్యాన్-హై, క్యాన్-లో మధ్య రెసిస్టెన్స్ చూస్తే 60 ఓమ్‌లు వచ్చింది, ఉండాల్సింది అంతే. 120 వచ్చి ఉంటే ఒక చివరి టెర్మినేటింగ్ రెసిస్టర్ గానీ, అక్కడిదాకా వెళ్లే వైరు గానీ తెగినట్టు. పైగా అదే లైన్ మీదున్న ముందు వైపు నాక్స్ సెన్సర్, అంటే ఎస్‌పీఎన్ 3216, మెసేజ్‌లు సరిగ్గానే పంపుతోంది. కాబట్టి క్యాన్ లైన్ బాగానే ఉంది. తర్వాత సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, కీ ఆన్ చేసి పవర్ పిన్ చూస్తే 25.6 వోల్టులు. చాలామంది ఇక్కడే ఆగి సెన్సర్ మీద తప్పు వేస్తారు. కానీ మల్టీమీటరు దాదాపు కరెంటే లాగదు, తెగడానికి సిద్ధంగా ఉన్న వైరు కూడా దానికి పూర్తి వోల్టేజ్ చూపిస్తుంది. సెన్సర్ లోపలి హీటర్ అలా కాదు. ఎగ్జాస్ట్ పైపులో తడి ఆరేంత వేడి వచ్చాక అది ఆన్ అవుతుంది, సెరామిక్‌ను వందల డిగ్రీలకు తీసుకెళ్లడానికి ఆంపియర్లలో కరెంటు లాగుతుంది. కోడ్ కీ ఆన్ చేయగానే కాక ఇంజిన్ వేడెక్కాకే రావడానికి కారణం ఇదే.

అందుకే అదే పిన్‌కు, మంచి ఎర్త్‌కు మధ్య 24 వోల్టుల 70 వాట్ల బల్బు కలిపాం. అది సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజ్ 14కు పడిపోయింది, బల్బు మసకగా వెలిగింది. ఎర్త్ వైపు ఇలాగే లోడ్ పెట్టి చూస్తే 0.2 వోల్టు కూడా పడలేదు. ఇక మిగిలింది పవర్ వైరు. హార్నెస్ (వైర్ల కట్ట) వెంట చెయ్యి వేసుకుంటూ పోతే, డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టర్) బ్రాకెట్ మీద ఇనుప క్లిప్ బిగించిన చోట ఆ వైరు లాగితే రబ్బరులా సాగింది. పైన ఇన్సులేషన్‌కు చిన్న గీత కూడా లేదు. కోసి చూస్తే లోపల రాగి పోగులు నల్లబడి తెగిపోయి, రెండు మూడు మాత్రమే అంటీ అంటనట్టు తగులుతూ ఉన్నాయి. ఆ ముక్క కోసేసి, కొత్త వైరు క్రింప్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, రబ్బరు లైనింగ్ ఉన్న క్లిప్‌తో కాస్త వదులు ఇచ్చి బిగించాం. మీరు ఊడదీసిన పాత సెన్సరే తిరిగి పెట్టాం. కోడ్ మళ్లీ రాలేదు.

క్లిప్ విషయం మీరు గట్టిగా పట్టించుకోవాలి. ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైట్. గంటల తరబడి బ్రేకర్ కొడితే ఆ అదురు అంతా హార్నెస్ మీద పడుతుంది. రబ్బరు లేని క్లిప్‌తో, వదులు లేకుండా బిగించిన వైరు ఆ అంచు దగ్గరే తెగుతుంది. ఇదే మోడల్ బండ్లు నగరంలో ఇంకా ఉన్నాయి, వాటికీ ఇదే వస్తుంది.

రెండో విషయం. మీ రిపోర్టులోనే ఎస్‌పీఎన్ 4364, ఎఫ్‌ఎంఐ 18 కూడా ఉంది. అంటే ఎస్‌సీఆర్ పనితనం తగ్గిందని. దాని పక్కన 'కెటలిస్ట్ మార్చాలి' అని రాశారు. అంత ఖరీదైన భాగాన్ని మార్చమనే ముందు డెఫ్‌ను (ఎస్‌సీఆర్‌కు వాడే యూరియా ద్రావణం) గాఢత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడలేదు. ఐఎస్ఓ 22241 ప్రకారం యూరియా 31.8 నుంచి 33.2 శాతం మధ్య ఉండాలి, మాకు 32.5 వచ్చింది. డోసింగ్ (ఎగ్జాస్ట్‌లోకి డెఫ్ చల్లడం) ఆపి, ఇంజిన్‌ను ఒకే లోడ్ మీద ఉంచి రెండు నాక్స్ సెన్సర్లను పోల్చి చూడలేదు. డోసింగ్ లేనప్పుడు రెండూ దాదాపు ఒకే అంకె చూపాలి, మేము పోల్చి చూస్తే అలాగే చూపాయి. అంటే సెన్సర్లు నమ్మదగినవే. డోసింగ్ ఉన్నప్పుడు మాత్రం వెనక సెన్సర్ అంకె తగ్గాల్సినంత తగ్గడం లేదు. డోసింగ్ నాజిల్ విప్పితే మూతి నిండా తెల్లటి యూరియా గడ్డ. పగలు నగరంలో టిప్పర్లకు అనుమతి లేక బండి గంటలు గంటలు ఐడిలింగ్‌లో ఉంటుంది. ఎగ్జాస్ట్ వేడి 200 డిగ్రీల దగ్గర ఊగిసలాడితే స్ప్రే అయిన యూరియా పూర్తిగా ఆవిరి కాకుండా గడ్డ కడుతుంది. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి నాజిల్ శుభ్రం చేశాం. మిక్సర్ పైపులో మిగిలింది కరగాలంటే స్టేషనరీ రీజనరేషన్ (బండిని నిలిపి ఎగ్జాస్ట్‌ను బాగా వేడెక్కించడం) చేయాలి. అది మీ ల్యాప్‌టాప్‌తో తప్ప మొదలవదు. దానికోసం పవర్ తగ్గిన బండి, అద్దె, ఆపరేటర్ బత్తా అన్నీ మా నెత్తిన వేసుకుని ఎదురుచూడాల్సి వచ్చింది.

నాక్స్ సెన్సర్‌కు అమ్మోనియా కూడా నాక్స్‌లాగే కనిపిస్తుంది. డోసింగ్ ఎక్కువైనా వెనక అంకె పెరుగుతుంది. ఆ ఒక్క అంకె చూసి కెటలిస్ట్ పోయిందని తేల్చడం మీ ఇంజినీర్ తప్పు అనడం కంటే, ఆయనకు కొలతల షీట్ ఇవ్వని మీ విభాగం తప్పు అనాలి.

కాబట్టి మా డిమాండ్లు. మార్చిన నాక్స్ సెన్సర్ ధర, లేబర్ చార్జీ పూర్తిగా వాపసు ఇవ్వాలి. మీ సెన్సర్‌ను డబ్బాతో సహా తీసుకెళ్లవచ్చు. ఇకపై ఏ సెన్సర్ మార్చినా ముందు తీసిన కొలతలు జాబ్ కార్డు మీద ఉండాలి: లోడ్ మీద వోల్టేజ్, క్యాన్ రెసిస్టెన్స్, ఎర్త్ డ్రాప్. రాత్రంతా ఆగిన బండి మీద పొద్దున్నే ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సర్లను కూలెంట్ టెంపరేచర్‌తో పోల్చి రాయాలి, తేడా కొద్ది డిగ్రీలకు మించకూడదు. కీ ఆన్‌లో ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు డీపీఎఫ్ ప్రెషర్ సెన్సర్ సున్నా చూపుతోందో లేదో కూడా రాయాలి. ఊడదీసిన పార్టు యజమానికే ఇవ్వాలి. రీజనరేషన్ మొదలుపెట్టడం, రిపేరు తర్వాత కోడ్ రీసెట్ చేయడం డిస్‌ప్లే నుంచే చేసుకునే వీలు యజమానులకు ఇవ్వాలి. ఈ మోడల్ బండ్లన్నిటికీ ఆ హార్నెస్ క్లిప్ ఉచితంగా మార్చాలి.

కోసి తీసిన వైరు ముక్క, బల్బు పరీక్ష ఫోటోలు, మీ జాబ్ కార్డు, కొటేషన్ నకళ్లు జతచేశాం. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మెయింటెనెన్స్ విభాగం,
ఎర్త్‌వర్క్ కాంట్రాక్టర్, హైదరాబాద్