వాన పడిన మర్నాడు మా కొండ ఎక్కకండి

సంపాదకుల గారికి,

ఆదివారం వస్తే మా శృంగవరపుకోట మీదుగా కొండవైపు పోయే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు ఈమధ్య బాగా పెరిగాయి. థార్లు, జిమ్నీలు. ఎక్కువగా విశాఖ నుంచి వచ్చే కుర్రాళ్లు. అరకు ఘాట్ రోడ్డు వాళ్లకు చాలదు. మట్టిదారి కావాలి, గెడ్డ (కొండవాగు) దాటాలి. ఆ సరదా ఏమిటో నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లు ఈ కొండల్లో జీపు తోలాను. చింతపండు, కొండచీపుర్లు, పనసకాయలు, సంతకొచ్చే జనం, అందరూ నా బండిలోనే దిగేవారు. అందుకే రావద్దని అనను. వాన పడిన మర్నాడు మాత్రం రావద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

నేను చెప్పే దారి కాంట్రాక్టరు వేసింది కాదు. పై ఊరివాళ్లు పనులు మానుకుని గునపాలు, పారలతో తీసుకున్నది. మొన్న ఆషాఢంలో శనివారం రాత్రంతా వాన. తెల్లారి ఐదు బండ్లు ఎక్కాయి. మూడో మలుపు దగ్గర బాగా ఏటవాలు. మొదటి బండి జారగానే లోపలి కుర్రాడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. చక్రాలు ఉన్నచోటే తిరిగి మట్టిని తవ్వేశాయి. వెనక బండ్లూ అదే గాడిలో పడ్డాయి. ఐదూ దాటేసరికి మోకాలి లోతు గోతులు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఊళ్లో పిల్లలకు బిస్కెట్లు పంచారు, తిన్న కవర్లు ఏరుకుని మరీ పట్టుకెళ్లారు. ఏం పాడు చేశారో తెలియకుండానే వెళ్లిపోయారు.

ఆ రాత్రి మళ్లీ వాన. కొండ మీది నీరు దారికి అడ్డంగా జారి పల్లంలోకి పోవాలి. అందుకే ఊరివాళ్లు అక్కడక్కడా అడ్డంగా రాళ్లు పేర్చి, పక్కకు చిన్న కాలవలు తీశారు. గాడి పడ్డాక నీరు పక్కకు పోదు, దాని వెంటే కిందికి దూకుతుంది. మెత్తటి ఎర్రమట్టి, కోసుకుపోయింది. సోమవారం ఉదయానికి మలుపులో సగం దారి లేదు. బియ్యం ఆటో కిందే ఆగిపోతే బస్తాలు నెత్తిన మోశారు. గురువారం నాడు నెలలు నిండిన అమ్మాయిని డోలీలో దించారు. నేను అక్కడే రాళ్లు పరుస్తున్నాను. మోసేవాళ్ల కాళ్లు ఆ గోతుల్లో దిగబడుతుంటే గుండె ఆగినంత పనైంది. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు.

బాబులూ, ఫోర్ వీల్ వేస్తే ఇంజను బలం నాలుగు చక్రాలకూ పోతుంది, అంతే. పట్టు దొరికేది టైరుకు, నేలకు మధ్య. మట్టిదారి ఎక్కేముందు టైర్లలో గాలి కొంచెం తగ్గించండి, తారురోడ్డు మీద వేగం అందుకోకముందే మళ్లీ నింపండి. 'ఫోర్ లో'లో, అంటే బలం ఎక్కువ, వేగం తక్కువ ఇచ్చే గేరులో, మనిషి నడిచేంత నిదానంగా పోండి. చక్రం ఉన్నచోటే తిరిగిందా, వెంటనే కాలు తీసేయండి. దిగి రాళ్లో కంపలో వేయండి, లేదంటే వెనక్కి వచ్చేయండి. వెనక్కి రావడం నామోషీ కాదు, నేను ఎన్నిసార్లు వచ్చానో. దిగుడులో బ్రేకు మీదే ఉండకండి, ఫోర్ లో మొదటి గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. గెడ్డ దగ్గర ముందు ఒకరు దిగి చూడాలి. మా రోజుల్లో క్లీనర్ కుర్రాడు కర్ర పట్టుకుని నడిచేవాడు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, పైన కొండలో వాన పడితే గెడ్డ పొంగుతుంది. దారి కనబడింది కదా అని రిజర్వు ఫారెస్టులోకి తిప్పకండి, అనుమతి లేకుండా వెళ్లడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం.

అధికారులకు ఒక మనవి. జూన్ నుంచి నవంబరు దాకా, వాన పడ్డాక రెండు రోజులు, ఇలాంటి దారుల మొదట్లో గొలుసు కట్టించండి. నవంబరు అని ఎందుకంటున్నానంటే మనకు తుఫాన్లు ఆలస్యంగానే వస్తాయి, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. తాళం మాత్రం పై ఊరివాళ్ల దగ్గరే ఉండాలి. బియ్యం ఆటోకు, 108కు ఎవరినీ బతిమాలే పని ఉండకూడదు.

ఆ మలుపు పని ఇంకా సగమే అయింది. ఆ ఐదు బండ్లవాళ్లు ఈ ఉత్తరం చదివితే, నేల ఆరిన ఆదివారం ఒకటి చూసుకుని రండి. కొండ కింద రాళ్ల కుప్ప ఉంది. బండికి పది రాళ్లు పైకి చేర్చండి, పరిచే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
పాత జీపు డ్రైవరు,
శృంగవరపుకోట, విజయనగరం జిల్లా