2023, 2024లో మా దగ్గర పాత ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకి

మా షాపుకొచ్చే అందరికీ నమస్కారం. ఈ మాట మీకు ఇంకా ముందే చెప్పాల్సింది.

మొన్నామధ్య ఒక రిటైర్డ్ టీచరమ్మ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని షాపుకొచ్చారు. 2024 ఎండాకాలంలో మా దగ్గరే 15,500 రూపాయలకు కొన్నారు. అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియో కాల్స్, కరెంటు బిల్లు కట్టుకోవడం, యూట్యూబ్‌లో ప్రవచనాలు. ఆవిడ వాడకం అంతే. "దీనికి విండోస్ 11 రాదని తెర మీద వస్తోంది నాయనా, పాడైపోయిందా?" అని అడిగారు.

పాడవలేదు. లోపలున్నది ఇంటెల్ ఐ5 ఆరో జనరేషన్ (ఆరో తరం) ప్రాసెసర్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు, ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో ఒకటీ అరా తప్ప ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి. ఇదంతా విని ఆవిడ ఒక్కటే అడిగారు: "నాకు అమ్మేటప్పుడు నీకు ఈ సంగతి తెలుసా?"

తెలుసు. విండోస్ 11కి ఏమేం కావాలో 2021లోనే బయటికొచ్చింది. కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లను నేను సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి తెచ్చి, కొత్త ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డిస్క్) వేసి అమ్మాను. బాడీ గట్టిది, కీబోర్డు బాగుంటుంది, ధర తక్కువ. ఇవన్నీ చెప్పాను. ఏడాదిన్నరలో అప్‌డేట్లు ఆగిపోతాయన్న మాట మాత్రం చెప్పలేదు. చెబితే కొనరేమోనని భయపడ్డాను. తప్పు నాదే. ఆవిడకు చెప్పిన క్షమాపణే మీ అందరికీ చెబుతున్నాను.

ఆ రాత్రి బిల్లు బుక్కులు తిరగేస్తే, ఆ రెండేళ్లలో ఆరు, ఏడు జనరేషన్లవి 41 అమ్మినట్టు తేలింది. మీది వాటిలో ఉందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి సిస్టమ్ అన్నది తెరవండి. అక్కడ ప్రాసెసర్ పేరు ఐ5-6300యూ అని ఉంటే గీత తర్వాతి 6 అంటే ఆరో జనరేషన్. ఐ5-7200యూ అయితే ఏడు. 8250యూ లాంటిదైతే మీకు టెన్షన్ అక్కర్లేదు, విండోస్ 11 వేసుకోవచ్చు.

ఆరు, ఏడు ఉన్నవాళ్లు మెషీన్ పట్టుకురండి. విండోస్ 10 భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే దానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఆ పని మేం చేసిపెడతాం, చార్జీ ఉండదు. ఆ తర్వాత కూడా అదే మెషీన్ వాడాలనుకుంటే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిస్తాం. టీచరమ్మ మెషీన్‌కి అదే వేశాను. బ్రౌజర్, వీడియో కాల్స్, ఉత్తరాలు టైప్ చేసుకోవడం వరకు అది చాలు. తెలుగు కీబోర్డు కూడా పెట్టిస్తాం. ట్యాలీ లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసింది కాబట్టి, దానితో పనున్నవాళ్లకు మాత్రం మింట్ వద్దనే చెబుతాను. మార్చుకుంటామంటే, మీరు మాకు కట్టిన ధరలో సగం తగ్గించి ఎనిమిదో జనరేషన్ లేదా ఆ పైది ఇస్తాను. 41 మందీ వచ్చినా ఈ మాట మీద ఉంటాను.

పాత మెషీన్లో విండోస్ 11ని దొడ్డిదారిన ఎక్కించమని కొందరు అడుగుతున్నారు. ఎక్కుతుంది. కానీ అలా వేసినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. బ్యాంకు పని చేసుకునే మెషీన్‌కి నేను ఆ పని చేయను.

ఇక కొత్తగా కొనేవాళ్లకు. ఎనిమిదో జనరేషన్ కన్నా పాతవి తేవడం మానేశాను. ఏడో జనరేషన్ ఐ5-7200యూలో రెండు కోర్లే (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు), ఎనిమిదిలోని 8250యూలో నాలుగు. ఇంట్లో ఒకేసారి పది ట్యాబ్‌లు తెరిచి పెట్టుకునేవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది. సెలెరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (ఎస్ఎస్‌డీ కన్నా నెమ్మదైనది) స్టోరేజీతో వచ్చే చవక కొత్త ల్యాప్‌టాప్‌లు కూడా ఇక పెట్టను. పేరుకు కొత్తదే, కానీ విండోస్ అప్‌డేట్లు వచ్చేసరికే ఆ 64 జీబీలో చోటు చాలదు. అదే డబ్బుకు 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మంచి సెకండ్ హ్యాండ్‌ది వస్తుంది. ఇంటి వాడకానికి 8 జీబీ సరిపోతుంది. పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరబోతుంటే 16 చూడండి.

ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, స్లాట్ ఉందా అని తప్పకుండా అడగండి. సన్నటి మోడల్స్‌లో చాలావాటికి తర్వాత పెంచుకునే దారి ఉండదు. మేం ఇకనుంచి ఈ సంగతి, ప్రాసెసర్ జనరేషన్, ఏ విండోస్ ఎక్కుతుందన్నది, మూడూ బిల్లు మీదే రాసిస్తాం. పాతదైతే బ్యాటరీ రిపోర్టు కూడా మీ ముందే తీసి చూపిస్తాం.

ధరల మాట కూడా దాచను. 2025 చివర్నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి. మెమరీ చిప్‌లు చేసే కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్లాయి. క్రూషియల్ పేరుతో మనకు ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కాబట్టి పోయినేడు చెప్పిన రేటు ఇప్పుడు ఇవ్వలేకపోతున్నాను. ఉన్న ల్యాప్‌టాప్‌కి ఎనిమిదో జనరేషన్ ఉండి, హార్డ్ డిస్క్ వల్ల నెమ్మదిగా నడుస్తుంటే కొత్తది కొనకండి. ఒక్క ఎస్ఎస్‌డీ మారిస్తే ఇంకో మూడు, నాలుగేళ్లు వస్తుంది. నాకు అమ్మకం పోయినా సరే, అదే చెబుతాను.

వచ్చేటప్పుడు చార్జర్ తెచ్చుకోండి. ఫొటోలు, కాగితాలు ఉంటే ఒక పెన్‌డ్రైవ్ కూడా. బిల్లు పోయినా ఫర్వాలేదు, ఫోన్ నంబర్ చెబితే మా పుస్తకంలో చూస్తాం. ఆదివారం సెలవు, మిగతా రోజుల్లో పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది వరకు నేను షాపులోనే ఉంటాను.