తెలుగు తల్లిదండ్రులకు: మన చాప్లెయిన్ (స్కూలు పాస్టరు) గారి పని గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ టర్ములో మీలో కొందరు నన్ను ఒకే సంగతి అడిగారు. "చాపెల్‌లో (స్కూలు ప్రార్థన మందిరంలో) డోలు వాయిస్తున్నారట, పూర్వీకుల గురించి చెబుతున్నారట. మా పిల్లలు హిందువులు కదా మేడమ్, వాళ్లకి ఇదంతా ఎందుకు?" దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మనది చర్చి నడిపే స్కూలు కాబట్టి ఆ సందేహం సహజమే. అందుకే ఈసారి వార్తాలేఖలో మీకోసం తెలుగులో విడిగా రాస్తున్నాను.

ముందు మీ టెన్షన్ తీరే మాట చెబుతాను. పిల్లల్లో ఎవరినీ ప్రార్థన చెయ్యమని బలవంతపెట్టం. మౌనంగా కూర్చోవచ్చు. మతం మార్చడం చాప్లెయిన్ గారి పని కాదు. తాతగారు పోయి దిగులు పడుతున్న అబ్బాయి, నత్తి వల్ల వెక్కిరింతలు పడే అమ్మాయి, కాంగో నుంచి కొత్తగా వచ్చి ఇంగ్లీషు రాక ఒంటరిగా తిరిగే పిల్లవాడు, వీళ్ల పక్కన కూర్చోవడంతో ఆయన రోజు మొదలవుతుంది.

ఇక ఆయన చెప్పే ఆఫ్రికా వేదాంతం, అంటే క్రైస్తవ విశ్వాసాన్ని ఆఫ్రికా కళ్లతో చూడటం. క్రైస్తవం తెల్లవాళ్ల ఓడల్లోనే ఈ ఖండానికి వచ్చిందని ఇక్కడి ఆఫ్రికన్ జాతివాళ్లైన మన జులూ పిల్లల్లో కూడా చాలామంది అనుకుంటారు. ఆయన క్లాసులో మ్యాప్ పరుస్తారు. 354లో క్రైస్తవ మహా పండితుడు అగస్టీన్ పుట్టిన ఊరు నేటి అల్జీరియాలో ఉంది. బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధనలోని 27 పుస్తకాల జాబితాను 367లో తన లేఖలో రాసిన అతనేసియస్, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా బిషప్. యేసు సిలువను మోసిన సీమోనుది కురేనే, అంటే నేటి లిబియా. ఇదంతా విన్నాక పిల్లలు నిటారుగా కూర్చోవడం నేను చూశాను. తమ తాతముత్తాతలకు దేవుడి సంగతే తెలియదని చెప్పించుకుంటూ పెరిగిన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

ఈ దేశంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. బైబిలునే ఆధారంగా చూపించి వర్ణవివక్షను సమర్థించిన చర్చిలు ఇక్కడ ఉండేవి. ఆ బైబిలుతోనే దాన్ని ఎదిరించినవాళ్లూ ఉన్నారు. 1982లో డచ్ రిఫార్మ్‌డ్ మిషన్ చర్చి రాసిన బెల్హార్ విశ్వాస ప్రకటననూ, వర్ణవివక్షను ఎదిరించిన ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ ప్రసంగాలనూ పెద్ద క్లాసుల పిల్లలతో ఆయన చదివిస్తున్నారు. మనుషుల్ని రంగును బట్టి విడదీయడం విశ్వాసానికే విరుద్ధమని ఆ చర్చి తేల్చి చెప్పింది. మన స్కూల్లో అందర్నీ కలుపుకుపోవాలన్న నియమానికి వేరు అక్కడే ఉందని నా నమ్మకం.

పూర్వీకుల సంగతికొస్తే, కాంగోకు చెందిన వేదాంతి బెనెజే బుజో యేసును ఆదిపూర్వీకుడిగా భావించి రాశారు. దీన్ని ఒప్పుకోని ఆఫ్రికా క్రైస్తవులూ చాలామందే ఉన్నారు. చాప్లెయిన్ గారు రెండు వాదనలూ పిల్లల ముందు పెడతారు. ఆ చర్చలోనే ఎనిమిదో గ్రేడు తెలుగమ్మాయి ఒకరు, సంక్రాంతికి తమ ఇంట్లో పెద్దలకు బట్టలు పెట్టడం గురించి చెప్పింది. జులూ పిల్లలు వదలకుండా ప్రశ్నలు అడిగారు. ఏ బట్టలు, ఎవరు కడతారు, పెద్దల పేర్లు చదువుతారా అని! అంతవరకూ ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పడం అరుదు.

మనవాళ్ల చరిత్ర కూడా ఇందులో ఉంది. 1860 నుంచి డర్బన్ ఉన్న ఈ నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకు వచ్చిన కూలీల్లో తెలుగువాళ్లు ఎందరో. వాళ్లలోని బాప్టిస్టుల (ఒక క్రైస్తవ శాఖవాళ్ల) కోసం 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారు ఇక్కడికి వచ్చారు. వారిని పంపింది తెలుగు క్రైస్తవులే. ఈ కథను వచ్చే టర్ములో చేర్చాలని చాప్లెయిన్ గారిని నేను కోరాను, ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

సెప్టెంబర్ 24 హెరిటేజ్ డే సెలవు. అంతకుముందు జరిగే అసెంబ్లీలో పిల్లలు తమ ఇంటి పాటో, పద్యమో, ప్రార్థనో వినిపిస్తారు. తెలుగు పద్యం చెప్పగల నాయనమ్మలు, అమ్మమ్మలు, తాతగార్లు ఉంటే తప్పక పంపండి. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు పక్క ద్వారం తెరిచి ఉంచుతాం. ఇంకా సందేహాలున్నవాళ్లు ఆఫీసులో పేరు రాయించుకుంటే చాప్లెయిన్ గారితో నేరుగా మాట్లాడవచ్చు. కావాలంటే నేనూ కూర్చుంటాను.

మీ
ప్రిన్సిపల్