అక్షరాలు లావు చేస్తే శీర్షిక అయిపోదు: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ వెబ్‌సైట్ల టెండర్లలో ఒక షరతు చేర్చమని అడగడానికే ఈ లేఖ.

నాకు చూపు లేదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ పేజీని చదివి వినిపిస్తుంది. చూపున్నవాళ్లు పేజీని అలా పైనుంచి కిందికి చూసి, కావాల్సిన చోట ఆగుతారు. ఆ పని మేం ‘హెచ్’ కీతో చేస్తాం. నొక్కితే తర్వాతి శీర్షికకు వెళ్తుంది. 2 నొక్కితే రెండో స్థాయివి, 3 నొక్కితే మూడో స్థాయివి. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే శీర్షికలన్నీ జాబితాగా వస్తాయి. అయితే పేజీ చేసినవాళ్లు హెచ్1 నుంచి హెచ్6 వరకున్న ట్యాగుల్లో (ఇది శీర్షిక, ఇది ఫలానా స్థాయిది అని కంప్యూటర్‌కు చెప్పే గుర్తులు) తగినది వాడితేనే ఇదంతా.

ఈమధ్య ఒక ఉద్యోగ ప్రకటన తెరిచి ‘హెచ్’ నొక్కితే, శీర్షికలే లేవంది. మిత్రుణ్ణి అడిగితే ‘అర్హతలు’, ‘వయోపరిమితి’, ‘ఫీజు’ అన్నీ నీలం రంగులో, లావు అక్షరాల్లో చక్కగానే ఉన్నాయన్నాడు. అవి మామూలు పేరాలే. బోల్డ్ చేసి సైజు పెంచారంతే. చివరి తేదీ ఎప్పుడో తెలియాలంటే బాణం కీ నొక్కుతూ పేజీ మొత్తం వినాల్సిందే.

కొన్ని సైట్లలో ట్యాగులు ఉంటాయి కానీ వాటిని సైజు చూసి ఎంచుకుంటారు. హెచ్2 మరీ పెద్దగా ఉందని హెచ్4 పెడతారు. ‘దరఖాస్తు విధానం’ హెచ్2 అయితే, దాని కిందికొచ్చే ‘ఫీజు చెల్లింపు’, ‘ఫొటో అప్‌లోడ్’ హెచ్3 కావాలి. సైజు సంగతి, పేజీ రూపురేఖలు నిర్ణయించే సీఎస్‌ఎస్ కోడ్ చూసుకుంటుంది. పరుగెత్తే వార్తల పట్టీకి హెచ్1 ఇచ్చిన ఘనులూ ఉన్నారు! ఇవన్నీ వదిలేసి, పైన అక్షరాల సైజు పెంచే, తగ్గించే ఏ ప్లస్, ఏ మైనస్ బటన్లు పెట్టి, దివ్యాంగులకు అనుకూలమైన సైట్ అంటారు. అక్షరం ఎంత పెద్దదైతే నాకేం ఒరుగుతుంది?

నిబంధనలకు కొదవ లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి, మూడో కూర్పు 2023లో వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది.

నేను అడిగే షరతు ఇదీ. ఆఖరి బిల్లు పాస్ చేసేముందు, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లతో ముఖ్యమైన పేజీలు పరీక్ష చేయించండి. సైట్‌లో లోపాలు వెతికే సాఫ్ట్‌వేర్ ఇచ్చే రిపోర్టు ఒక్కటే చాలదు. బోల్డ్ చేసిన పేరా అసలు శీర్షికా కాదా అన్నది అది చాలాసార్లు పట్టుకోలేదు.

సైట్ అప్పగించాక రోజూ సమాచారం ఎక్కించేది ఆఫీసు సిబ్బందే. వాళ్లు టైపు చేసే చోట బోల్డ్ బటన్ పక్కనే శీర్షిక స్థాయిలు ఎంచుకునే మెనూ కూడా సాధారణంగా ఉంటుంది. దాన్ని వాడమని ఎవరూ చెప్పకపోతే వాళ్లను మాత్రం ఏమనగలం? ఒక పూట శిక్షణ సరిపోతుంది.

ముందుగా స్కాలర్‌షిప్పులు, పింఛన్లు, ఉద్యోగ ప్రకటనల పేజీలు సరిచేయించండి. గడువు తేదీలుండేది వాటిలోనే.

ఇట్లు,
స్క్రీన్ రీడర్ వాడే ఒక పౌరుడు