మా బ్యాకప్ గైడ్‌ను చీల్చి చెండాడినవారికి కృతజ్ఞతలు

ఇంటి కంప్యూటర్‌లోని ఫైళ్లను ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకోవడం మీద మేము రాసిన చిన్న గైడ్‌ను చదివి, మొహమాటపడకుండా తప్పులు చూపించిన అందరికీ నమస్కారాలు. బాగుందని మెచ్చుకున్నవాళ్లకూ థాంక్స్. కానీ ఎక్కువ పనికొచ్చింది మాత్రం ఎర్ర గీతలు పెట్టినవాళ్ల మాటే. ఏ సవరణ ఎందుకు తీసుకున్నామో కింద రాస్తున్నాం. పాత ప్రతి దాచుకున్నవాళ్లు దయచేసి దాన్ని పారేయండి.

అన్నిటికన్నా పెద్ద బాకీ రోబోకాపీ (విండోస్‌లోనే ఉండే, ఫైళ్లు కాపీ చేసే కమాండ్) భాగాన్ని దిద్దినవారికి. మొదటి ప్రతిలో బ్యాకప్‌ను కంప్యూటర్‌కు అద్దంలా ఉంచే ఎంఐఆర్ (/MIR) ఆప్షన్ వాడమని చెప్పి, "రెండు వైపులా ఒకేలా ఉంటాయి" అని ఒక్క ముక్కతో సరిపెట్టాం. ఒకేలా అంటే ఏమిటో విడమర్చింది మీరు. కంప్యూటర్‌లో లేని ఫైలు బ్యాకప్ ఫోల్డర్‌లో ఉంటే అది తుడిచేస్తుంది, ఆ ఫైలు రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. ఫోల్డర్ పేరు ఇవ్వకుండా డ్రైవ్ అక్షరం మాత్రమే ఇస్తే, ఆ డిస్క్‌లో వేరే ఏమున్నా గల్లంతే. ఇక మూలం, గమ్యం తారుమారైతే ఖాళీ డిస్క్‌ను చూసి నిండు కంప్యూటర్‌ను ఖాళీ చేస్తుంది. అందుకే ఇప్పుడు రెండు జాగ్రత్తలు చేర్చాం. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో బ్యాకప్ డిస్క్‌కు ఎవరూ వాడని ఒక అక్షరం ఇచ్చుకోవాలి. అసలు కమాండ్ నడిపే ముందు ఎల్ (/L) ఆప్షన్ జోడించి ఒకసారి నడపాలి. అప్పుడు ఏమేం కాపీ అవుతాయో, ఏమేం పోతాయో జాబితా వస్తుంది తప్ప ఏదీ కదలదు.

అదే భాగంలో ఇంకొకరు పట్టుకున్నది మరీ ముచ్చటగా ఉంది. ఏదైనా ఫైలు కాపీ కాకపోతే రోబోకాపీ మామూలుగా 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. లెక్క వేస్తే ఒక్క మొండి ఫైలు కోసం దాదాపు 347 రోజులు! ఆర్ విలువ (ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి) 2, డబ్ల్యూ విలువ (ఎన్ని సెకన్లు ఆగాలి) 5 పెడితే రెండుసార్లు చూసి ముందుకు పోతుంది. దారిమళ్లింపులను వదిలేసే ఎక్స్‌జే (/XJ) ఆప్షన్ కూడా తప్పనిసరి. విండోస్ యూజర్ ఫోల్డర్‌లో పాత ప్రోగ్రాముల కోసం ఉంచిన దారిమళ్లింపులు కొన్ని తిరిగి తిరిగి తమలోకే వస్తాయి. వాటి వెంట పడితే ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో మళ్లీ అదే ఫోల్డర్ పుట్టుకొస్తూ ఉంటుంది. పని ముగిశాక వచ్చే కోడ్ 1 అయితే కంగారు వద్దు, ఫైళ్లు కాపీ అయ్యాయని అర్థం. 8, అంతకు మించి వస్తేనే ఏవో మిగిలిపోయినట్టు. లాగ్ ఫైలు (జరిగిన పని చిట్టా) తెరిచి చూడాలి.

డ్రైవ్ మొత్తాన్ని ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేశాక ఆ ఫోల్డరే కనబడటం లేదని రాసినవారికి జవాబు ఇదీ: డ్రైవ్ రూట్‌కు (అన్నిటికన్నా పై ఫోల్డర్‌కు) ఉండే హిడెన్, సిస్టమ్ గుర్తులు ఆ ఫోల్డర్‌కూ అంటుకున్నాయి. ఇలాంటి గుర్తులు మార్చే అట్రిబ్ కమాండ్‌తో ఆ రెండూ తీసేస్తే కనబడుతుంది. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు.

డిస్క్ ఫార్మాట్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) గురించి చెప్పినవారి సవరణ చిన్నదే. ఎఫ్ఏటీ 32 అనే ఫార్మాట్‌లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు కనుక పెద్ద వీడియోలు మధ్యలో ఆగిపోతాయి. విండోస్ ఒక్కటే ఉంటే ఎన్‌టీఎఫ్ఎస్, మ్యాక్ కూడా రాయాలంటే ఎక్స్‌ఫ్యాట్. మ్యాక్ సొంత బ్యాకప్ ప్రోగ్రాం టైమ్ మెషీన్‌కు మాత్రం వేరే డిస్క్ కేటాయించండి. ఎక్స్‌ఫ్యాట్ డిస్క్ చూపిస్తే అది ముందు చెరిపేస్తానంటుంది. 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీగా కనబడటం మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా.

వేగం విషయంలో మా అంచనా తప్పని చూపించినవారికి ధన్యవాదాలు. 500 జీబీ కాపీ చేయడానికి, యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు 35 ఎంబీ వస్తే సుమారు 4 గంటలు పడుతుంది. యూఎస్‌బీ 3.0లో సెకనుకు 100 ఎంబీ వస్తే గంటా ఇరవై నిమిషాల పైచిలుకు. ఇవి పెద్ద ఫైళ్ల లెక్కలు. వేలాది చిన్న ఫైళ్లుంటే ఈ లెక్క నిలవదు. డిస్క్ టిక్కు టిక్కుమంటూ మాటిమాటికీ ఊడిపోయి కనెక్ట్ అవుతుంటే ముందు పొట్టి కేబుల్ వేసి, హబ్ లేకుండా నేరుగా కంప్యూటర్‌కు పెట్టి చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే, కొన్ని డిస్క్‌లకు అది చాలదు. అప్పటికీ శబ్దం ఆగకపోతే అనుమానం డిస్క్ మీదే. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ (SMART) వివరాల్లో 5, 197, 198 నంబర్ల వరుసలు చూడండి, అక్కడి అంకె పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్‌ను బ్యాకప్‌కు నమ్మకూడదు.

విండోస్‌లోనే ఉండే బ్యాకప్ సదుపాయం ఫైల్ హిస్టరీని మేము తేలిగ్గా తీసేశాం. దాని తరఫున గట్టిగా వాదించినవారు గెలిచారు. ఎంఐఆర్‌తో అద్దంలా చేసే నకలులో నిన్న పాడైన ఫైలు ఈరోజు బ్యాకప్‌లోనూ పాడవుతుంది. ఫైల్ హిస్టరీ మాత్రం మామూలుగా గంటకోసారి మారిన ఫైళ్లను తీసుకుంటూ పాత రూపాలనూ ఉంచుతుంది. విండోస్ 11లో అది కంట్రోల్ ప్యానెల్‌లో ఉంది. డి డ్రైవ్‌లోని ఫోల్డర్ కూడా రావాలంటే దాన్ని ఏదో ఒక విండోస్ లైబ్రరీలో (డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటిది) చేర్చాలి.

కానీ గంటగంటకూ బ్యాకప్ కావాలంటే డిస్క్ ఎప్పుడూ తగిలించి ఉండాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌నూ వదలదు. ఈ చిక్కుకు మీలో ఒకరు చెప్పిన ఉపాయమే గైడ్‌లో పెట్టాం: రెండు డిస్క్‌లు, ఒకటి తగిలించి, ఇంకొకటి వారానికోసారి తగిలించి పని కాగానే ఎజెక్ట్ చేసి వేరేచోట ఉంచడం.

డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే (కీ లేనివాళ్లు చదవలేకుండా మార్చే) విండోస్ బిట్‌లాకర్ గురించిన హెచ్చరిక మా బుర్రకు తట్టనే లేదు. కంప్యూటర్ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా, బయటి డిస్క్‌లోకి కాపీ అయిన ఫైళ్లు ఎవరైనా తెరవగల మామూలు ఫైళ్లే. బయటి డిస్క్‌నూ విడిగా ఎన్‌క్రిప్ట్ చేయాలి. దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి, ఆ డిస్క్‌లోనే దాచడం తాళంచెవిని బీరువాలో పెట్టి తాళం వేసినట్టే.

మెయిల్ ప్రోగ్రాం ఔట్‌లుక్ తెరిచి ఉండగా అది మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైలు కాపీ కాదన్న సవరణా, మేఘం బొమ్మ ఉన్న వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) ఫైళ్లు కంప్యూటర్‌లో నిజంగా లేవన్న సవరణా అలాగే చేర్చేశాం.

చివరి పేజీలో కొత్తగా ఒక గడి ఉంది. చివరిసారి బ్యాకప్ తీసిన తేదీ పక్కనే, అందులోంచి ఒక ఫొటో, ఒక డాక్యుమెంట్, ఒక వీడియో ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసిన తేదీ రాసుకోవడానికి. ఆ గడి అడిగినవారికి ప్రత్యేకంగా మరోసారి థాంక్స్.